కాలిన విమానం, కాలని కాణీ

బామ్మర్ది తిరుమల్ పేరు చెవిన పడితే చాలు, గజేందర్‌కు నోట్లో ముద్ద చేదెక్కేది. తొమ్మిదేళ్ళుగా అంతే. కంపెనీ మూతపడి, కాగితాలు లేక ఖతార్‌లో దొంగచాటుగా బతుకుతున్న రోజుల్లో తిరుమలే వచ్చి పక్కన కూర్చున్నాడు. "భూమి నా పేరు మీదికి మార్చు బావా, దాన్ని చూపిచ్చి నీ కేసు తెంపుత. తెగినంక మళ్ళ నీకే రాసిస్త. అక్క మీద ఒట్టు," అన్నాడు. కేసు తెగింది. భూమి తిరిగి రాలేదు. అడిగితే "ఏ భూమి బావా?" అని నవ్వాడు. భూమి పోయిన బాధ కంటే ఆ నవ్వే గజేందర్‌ను ఎక్కువగా కోసింది.

తిరుమల్ ఎలాంటివాడంటే, పక్కవాడి నోటి కాడి కూడు లాక్కోవడానికి జంకడు గాని, నాలుగు బాటల దగ్గర కోసిన నిమ్మకాయ కనిపిస్తే మాత్రం పొలం గట్టు ఎక్కి చుట్టూ తిరిగిపోతాడు. చిన్నప్పటి నుంచీ అంతే. మనుషులంటే లెక్కలేదు, దిష్టి అంటే భయం.

అలాంటి తిరుమల్ పేరు ఆ ఆదివారం పొద్దున మహెక్ మేడమ్ చేతిలోని ఫైలు మీద కనిపించింది.

గజేందర్‌కు నలభై ఎనిమిదేళ్ళు. ఏడో తరగతిలో బడి మానేసి, సైట్లలో ఇనుప చువ్వలు కట్టడానికి నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. ఇప్పుడు అల్ దోహా అల్ జదీదాలోని ఒక బీమా పరిశీలన ఆఫీసులో తనిఖీ మనిషి. గోదాము కాలినా, లారీ బోల్తా పడినా, అది జరిగిందా, జరిపించారా అని తేల్చడం అతని డ్యూటీ. ఆ ఆఫీసు పెద్ద మహెక్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి.

"రువైస్ ఇవతల ఒక ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బు ఉంది గజ్జూ భాయ్," అంది మహెక్. "శుక్రవారం షెడ్డు కాలిపోయింది. లోపల తొంభై ఏండ్ల కిందటి ఇంగ్లండు విమానం. బూడిద. ఓనరు పెంబ్లీ సాబ్ తుంటి ఆపరేషన్‌కు ఇంగ్లండు పోయిండు. ఫోన్‌ల పిలగాని లెక్క ఏడ్చిండు. వాచ్‌మన్ పోశన్న స్టవ్ ఆర్పకుండ పోయిండని క్లబ్బు గ్రౌండ్ మేనేజర్ ఎంక్వైరీ చేసి రాసిండు. ఆ మేనేజర్ ఎవరో పేరు చదువుకో."

గజేందర్ చదువుకున్నాడు. ఫైలులోని పాత ఫోటోలు కూడా తిరగేశాడు.

"చుట్టం కేసు నీకు ఇయ్యొద్దన్నరు పైన. నేనే ఇచ్చిన. నీ పగ తీర్చుకునేటందుకు రాస్తే నా నౌకరి పోతది."

"పగ ఉన్నది మేడమ్. లేదని చెప్ప. గాని లేనిది రాయ."

"నాలుగు గంటలకు పోశన్నతోటి నేరం ఒప్పుకున్నట్టు వేలిముద్ర పెట్టించి స్టేషన్‌ల ఇస్తడట నీ బామ్మర్ది. ఒకసారి వేలు పడ్డదంటే ఆ ముసలాయన జైలుకే. బయటికొచ్చినా విమానం నష్టం కట్టేదాక దేశం దాటనియ్యరు. అంటే ఇక ఊరు మాటే లేదు."

"నాలుగు లోపల వస్త," అని గజేందర్ తాళాల కోసం కాదు, డ్రైవర్ షఫీ కోసం చూశాడు. కడప మనిషి షఫీ అప్పటికే బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు.

*

పోశన్నను బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో, ఆరు మంచాల గదిలో ఒక్కణ్ణే కూర్చోబెట్టారు. తలుపు బయట తిరుమల్ పెట్టిన కాపలావాడు ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. గజేందర్ బీమా కార్డు చూపించి, వాడు లేచేలోపే లోపలికి వెళ్ళి తలుపు వేశాడు.

యాభై ఐదు దాటిన మనిషి. తల నెరిసింది. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకొని కూర్చున్నాడు.

"పోశన్నా, నాది నిర్మల్ పక్కనే. నేను పోలీసును కాదు. కాలిన దాని లెక్క చూసేటోన్ని. స్టవ్ నువ్వు ముట్టిచ్చినవా?"

"లేదు తమ్మీ. ఆ దినం నేను అక్కడ లేనే లేను. జుమ్మా నమాజు అయినంక తిరుమల్ సారు వచ్చి, రువైస్ రేవుకు పో, మెంబర్ల దావత్‌కు చేపల పడవ వస్తది, దింపుకొని రా అన్నడు. కూసున్న. పడవ రాలే. పొద్దు గూకినంక నడుసుకుంట వస్తుంటె పొగ కనవడ్డది."

"రేవుల నిన్ను ఎవరన్న చూసిండ్రా?"

"చూసిండ్రు. గాని వాచ్‌మన్ మొకం ఎవ్వలకు యాదుంటది?"

"మరి తిరుమల్‌ను ఎందుకు నిలదియ్యలే?"

"నిలదీసిన. నేను పంపలేదు, నువ్వు కలగన్నవు అన్నడు."

గజేందర్ ఫోన్ తీసి రికార్డు నొక్కి మంచం మీద పెట్టాడు. తరువాత అడిగే ప్రశ్న నోటిదాకా వచ్చింది గాని అతని చూపు పోశన్న కుడిచేతి మీద ఆగింది. మాట తడబడ్డప్పుడల్లా ఆ చెయ్యి చొక్కా కిందికి, నడుము దగ్గరికి పోతోంది. అక్కడ ఏదో వెతికి, దొరకక వెనక్కి వస్తోంది. నాలుగోసారి కూడా అలాగే పోయింది.

"మొలతాడు ఏది అన్నా?"

పోశన్న చెయ్యి ఠక్కున బయటికి వచ్చేసింది. "తెగిపోయింది."

"తెగితే ఇంకొక దారం కట్టుకుంటం. బతికున్నోని ఒంటి మీద మొలతాడు లేకుంట ఎవడుంటడు మన దిక్కు? సచ్చినంక గదా తెంపుతరు. ఎవలకిచ్చినవు?"

పోశన్న తలుపు వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "చెప్తే ఇంకొక కేసు పెడతరు తమ్మీ."

"ఇప్పుడున్న కేసుకే నీ బతుకు తెల్లారుతది. ఇంకొకటి పెట్టినా ఫరక్ ఏం పడది. చెప్పు."

"దసరా దినం," అన్నాడు పోశన్న. "క్యాంపుల అందరు ఎవని బండికి వాడు నిమ్మకాయ కట్టుకున్నడు. ఫోర్క్‌లిఫ్టుకు కట్టిండ్రు, కోత మిషన్‌కు కట్టిండ్రు. నా దగ్గర ఏమున్నది? ఆ ముసల్ది ఒక్కటే."

"ముసల్దంటే విమానమా?"

"అవును. పెంబ్లీ సారు దాని కథ రోజూ చెప్పేటోడు. ఇంగ్లండుల వాళ్ళ తాత ఊరి బయట గొర్లు మేసే బీడట. డాక్టరు, పాలు అమ్మేటాయన, బడి పంతులమ్మ, ఇద్దరు రైతులు చందాలేసుకొని క్లబ్బు పెట్టి దీన్ని కొన్నరట. ఆయితారం వస్తే అందరు వంతులేసుకొని ఎగురుడు. ఎగిరే ముందుగాల గొర్లను అవతలికి తోలుడు ఒకని డ్యూటీ. ఆ పంతులమ్మ అందరికంటె మంచిగ దింపేదట. షెడ్డు గిట్ల లేదు, గడ్డేసుకునే కొట్టమే. దాంట్ల పట్టాలని రెక్కలు ఎనుకకు మలిచేటోళ్ళు. ఇప్పుడు అక్కడ దుంపలు పండిస్తున్నరట. ఆ ఊరోళ్ళకే ఎరుక లేదట, తమ చేన్లకెల్లి ఇమానాలు లేసినయని. అన్ని పోయినయి, ఇది ఒక్కటి మిగిలింది పోశన్నా అని సారు దాని మీద చెయ్యేసి కూసునేటోడు. నాకు అనిపిచ్చింది, ఇంత పాత పానానికి దిష్టి తీసేటోడు ఒక్కడు లేడాయె అని."

"కట్టినవు."

"కట్టిన. మొలతాడే ఇప్పి, కాణీకి కుంకుమ పెట్టి కట్టిన. క్లబ్బుల పూజ చేసినవని పట్టుకపోతరని ఎవ్వలకు చెప్పలే. సారు గూడ దాని మీద చిన్న స్టిక్కర్ సుత అతికియ్యనియ్యడు. అందుకని కనవడకుంట తోక కింద కట్టిన. దాని తోకకు చక్రముండది తమ్మీ. ఇనుప పాదం ఒకటుంటది. గడ్డిల దిగినప్పుడు అది నేలను పట్టుకొని ఆపుతదట. గచ్చు మీద ఈడిస్తె గీసుకపోతది. జరపాలంటే తోకను ఇట్ల ఎత్తాలె." పోశన్న చొక్కా పక్కకు లాగి కుడి భుజం చూపించాడు. చర్మం గట్టిపడి నల్లగా కాయ కాసింది.

"మొలతాడుకు ఏమున్నది? గుర్తులు చెప్పు."

"చిల్లి కాణీ. రాగిది. నన్ను కన్న మా అవ్వ రాములవ్వ కట్టింది, నేను పుట్టిన పదకొండో నాడు. పిలగాని ఒంటికి గుచ్చుకోవద్దని ఒక దిక్కు అంచును రోకలిబండతోని కొట్టి సాపు చేసింది. దారానికి ఐదు ముళ్ళు. నాకంటె ముందుగాల నలుగురు పుట్టి పోయిండ్రు. నలుగురికి నాలుగు, నాకొకటి." చెయ్యి మళ్ళీ నడుము దగ్గరికి పోయింది. "దారం ఎన్నిసార్లు మార్చినా ఐదు ముళ్ళు మాత్రం ఏసుకుంట వచ్చిన. కాలిపోయింది గదా తమ్మీ, ముసల్దానితోటి."

"రాగి అంత అలకగ కాలది," అన్నాడు గజేందర్ లేస్తూ. "నాలుగు గంటలకు నీ చెయ్యి పట్టుకొని కాగితం మీద పెట్టబోతరు. అప్పుడేం చేస్తవు?"

పోశన్న కుడిచేతి బొటనవేలిని లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళతో గట్టిగా బిగించాడు.

"ఇది ఇప్పాలంటే ఏళ్ళు ఇరగ్గొట్టాలె," అన్నాడు.

*

"అన్నా, అంత పాత ఇమానానికి ఇంత బీమానా?" అన్నాడు షఫీ బండిని ఉత్తరం వైపు తిప్పుతూ. "మా నాయన అంబాసిడర్ గూడా పాతదే. దాన్ని పాత ఇనుప సామాన్లోడు గూడా వద్దనె."

"మీ నాయన అంబాసిడర్ ఎగురుతదా?"

"ఒగసారి ఎగిరిందిలే, పులివెందుల రోడ్డులో. గుంతలో పడి."

గజేందర్ నవ్వలేదు గాని, పెదవి కొస కొంచెం వంగింది. క్లబ్బు గేటు చేరేసరికి ఒంటిగంటన్నర అయింది. ఒకప్పుడు చమురు వెతికేవాళ్ళు దిగి వదిలేసిన రన్‌వే అది. చివర నల్లగా మాడిన రేకుల షెడ్డు.

గజేందర్ ముందు స్టవ్ చూశాడు. ముందు తలుపు దగ్గర గోడ వారన పడివుంది. స్టవ్ నుంచి నిప్పు అంటుకుంటే దాని వెనక గోడ అన్నిటికన్నా ఎక్కువ మాడాలి. ఆ గోడకు మసి పట్టింది గాని సున్నం కూడా రాలలేదు. షెడ్డు నడుమ, విమానం నిలబడ్డ చోట మాత్రం పైకప్పు ఇనుపదూలం మెత్తబడి కిందికి వంగింది. నిప్పు పుట్టింది అక్కడ.

విమానం అని చెప్పడానికి మిగిలింది ఒక ఇంజను ముద్ద, వంకర్లు తిరిగిన తీగలు, బూడిద. ముందు భాగంలో ఇత్తడి పలక ఒకటి ఉంది. దాని మీద విమానం నంబరు. ఇదే అసలు విమానమని తిరుమల్ తన రిపోర్టులో సాక్ష్యంగా చూపించింది ఆ పలకనే. గజేందర్ వంగి చూశాడు. పలక బూడిద మీద పడుకొని ఉంది. కింద జానెడు మందాన బూడిద, మీద చిటికెడు కూడా లేదు. విమానంతోపాటు కాలి ఊడిపడ్డ పలక కింద ఉండాలి, దాని మీద రెక్కలు, కప్పు కూలాలి. ఇది అన్నీ చల్లారాక తీరిగ్గా వచ్చి పడుకున్నట్టుంది.

"షఫీ, ఫోటో తియ్యి. ముందు పక్క నుంచి తియ్యి, పలక కింద ఏమున్నదో కనవడాలె."

తరువాత తోక వైపు నడిచాడు. అక్కడ ఇనుప పాదం ఉండాలి, దానికి రాగి కాణీ. మోకాళ్ళ మీద కూర్చొని బూడిదను చేత్తో తోడాడు. చొక్కా చేతులు నల్లబడ్డాయి. ఇనుము చేతికి తగిలింది. పైకి లాగాడు.

పిడికిలంత చక్రం. చుట్టూ కాలి కరిగిన రబ్బరు అంటుకొని ఉంది.

గజేందర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటి చక్రాలు సూపర్‌మార్కెట్ బండ్లకు ఉంటాయి. పచ్చిక బీడులో దిగడానికి చేసిన విమానానికి ఉండవు. చక్రానికి పైన ఇనుప పాదం బిగించిన గుర్తు కూడా లేదు. కాణీ లేదు.

"షఫీ," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ విమానం కాలలేదు."

"అదేంది అన్నా! మరి కాలిందేంది?"

"బొమ్మ. పొద్దున మహెక్ మేడమ్ ఫైలు తిరగేస్తుంటె దాంట్ల ఒక ఫోటో చూసిన. పోయిన చలికాలం మాల్‌ల ప్రదర్శన పెట్టి, పిలగాండ్లు ఎక్కి ఫోటోలు దిగేటందుకు అచ్చం ఇసొంటిదే చెక్కతోని ఒకటి చేపిచ్చిండ్రు. దాన్ని జరుపుకుంట తిప్పాలె గనుక తోకకు చక్రం పెట్టిండ్రు. దాన్నే ఇక్కడికి తెచ్చి, పాత ఇంజను ఒకటి పడేసి అంటు పెట్టిండ్రు. కాలిపోయిన దాన్ని ఎవడూ ఎతకడు గదా. బీమా పైసలు పెంబ్లీకి పోతయి, ముసల్ది ఎవడో కొనుక్కునేటోనికి పోతది."

అతను లేచి షెడ్డు వెనక తలుపు వైపు నడిచాడు. గచ్చు మీద, మసి పట్టని చోట, కొత్తగా గీసిన గీత ఒకటి సన్నగా మెరుస్తోంది. తలుపు దాకా తిన్నగా పోయింది. తలుపు అవతల లారీ టైర్ల ముద్రల దగ్గర ఆగింది. భుజం పట్టే పోశన్నను రేవుకు పంపేశారు. పట్టడం తెలియనివాళ్ళు తోకను ఈడ్చుకుపోయారు.

గజేందర్ చక్రాన్ని, గీతను, పలకను వేరువేరుగా ఫోటోలు తీసి మహెక్‌కు పంపాడు. కింద ఒక్క మాట రాశాడు. *వేలు పెట్టనియ్యకండి.*

అప్పుడే గేటు దగ్గర తెల్లటి ల్యాండ్‌క్రూయిజర్ ఆగింది.

*

"ఏం బావా, బూడిదల బంగారం దొరికిందా?"

తిరుమల్ నల్ల కళ్ళద్దాలు తీయకుండానే దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో క్లబ్బు కార్డు. గజేందర్ చేతుల మసి చూసి ముక్కు చిట్లించాడు.

"బంగారం కాదు, చక్రం దొరికింది," అన్నాడు గజేందర్.

"విమానమంటె చక్రాలుండవా?"

"తోకకు ఉండయి. గొర్ల బీడుల పుట్టిన విమానానికి."

తిరుమల్ నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. "ఏడో తరగతి దాక చదివి విమానాల మీద పరీక్ష పెడుతున్నవు. ఇత్తడి పలక మీద నంబరు చదవరాదా?"

"చదివిన. దాని కింద ఎంత బూడిదున్నదో గూడ చూసిన. నీ ఎంక్వైరీల అది రాయలేదేంది?"

"బావా, బావా." తిరుమల్ చేతులు జోడించినట్టు చేశాడు. "ఎండల ఎందుకు లొల్లి? షఫీ భాయ్, నువ్వు జర ఆ చాయ్ బండి దాక పోయిరా. మేము చుట్టాలం. ఏసీల కూసొని మాట్లాడుకుంటం."

"నేను చాయ్ తాగను సార్, షుగరు," అన్నాడు షఫీ. ల్యాండ్‌క్రూయిజర్ ముందరికి వచ్చి దాని బోనెట్‌కు ఆనుకొని నిలబడ్డాడు.

గజేందర్ ముందు సీట్లో కూర్చున్నాడు. తలుపు పడగానే చల్లగాలి మొహానికి కొట్టింది. మాట్లాడబోతూ తల ఎత్తాడు.

వెనక చూసుకునే లోపలి అద్దానికి ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి వేలాడుతోంది. దాని పక్కనే నల్లదారం. దారానికి చిల్లి కాణీ. ఒక వైపు అంచు సాపుగా ఉంది.

గజేందర్ మొహం కదలలేదు. కళ్ళతో మాత్రం దారం వెంట ఒక్కొక్క ముడి దాటుకుంటూ కిందికి వచ్చాడు. ఐదు.

తిరుమల్ అదేమీ గమనించలేదు. ఫోన్లో వీడియో కాల్ కలిపి ముందర పెట్టాడు. తెర మీద ఎర్రమన్ను, గట్టు, పసుపు రంగు జేసీబీ. ఎవరో పిల్లవాడి మొహం అడ్డం వచ్చింది. "అన్నా, నితీష్‌ను. జేసీబాయన తొందర చేస్తుండు. బాయి కాడికి వచ్చినం. ఎప్పుడు సురు చేయమంటవు?"

"ఆగురా. చూపియ్యి ఆ బాయిని బావకు."

తెర తిరిగింది. రాతి గట్టు ఉన్న పాత వ్యవసాయ బావి. గజేందర్ తండ్రి మూడు ఎండాకాలాలు తవ్వించింది. చిన్నప్పుడు గజేందర్ అదే గట్టు మీద నుంచి దూకి ఈత నేర్చాడు.

"చూడు బావా," తిరుమల్ గొంతు మెత్తబడింది. "నేనేమన్న పరాయోన్నా? నువ్వు వాచ్‌మన్ తప్పు, స్టవ్ కాలింది అని ఒక్క రిపోర్టు రాయి. రేపే భూమి మాలతక్క పేరు మీద రిజిస్ట్రీ చేపిస్త. బాయి, గట్టు, బోరు, అంతా. తొమ్మిదేండ్ల సంది ఏడుస్తున్నవు గదా. ఒక్క సంతకం. రాయకపోతే ఇయ్యాల్నే చదును చేపిచ్చి ప్లాట్లు కొట్టిస్త. అమ్మిన భూమి మీద ఏ కోర్టు వచ్చినా నీకు మన్ను గూడ రాదు. పోశన్న నీకేమైతడు? చుట్టమా, పక్కమా?"

గజేందర్ బావి గట్టును చూస్తూ ఉండిపోయాడు. తిరుమల్‌కు అది లొంగిపోవడంలా కనిపించింది. భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్క సంతోషపడతది బావా."

"ఈ కాణీ యాడిది?" అన్నాడు గజేందర్.

"ఏ కాణీ?"

"ఇది." గజేందర్ వేలితో చూపించాడు, ముట్టుకోలేదు.

తిరుమల్ ఒకసారి చూసి చప్పరించాడు. "అదా. దేవుంది. దొరికింది. కట్టుకున్న."

"యాడ దొరికింది?"

"యాడనో దొరికింది. కుంకుమున్నది దాని మీద. అట్ల దొరికినదాన్ని తొక్కుతమా, పారేస్తమా?"

"పారేస్తే దొరకకపోతువు," అన్నాడు గజేందర్. "కాలవెట్టినా దొరకకపోతువు. నీకు ధైర్యం సాలలేదు. కాల్చేటందుకు తెచ్చిన బొమ్మకు కట్టుదామన్న ఆలోచన గూడ రాలేదు. తోక కింద కనవడంగనే చేతులు వణికినయి నీకు, చిన్నప్పుడు నిమ్మకాయను చూసి గట్టెక్కినట్టు. మెల్లగ ఇప్పుకొని తెచ్చుకొని, నీ బండికే కాపలా పెట్టుకున్నవు."

తిరుమల్ కళ్ళద్దాలు తీశాడు. "ఏం మాట్లాడుతున్నవు?"

"పొద్దున పోశన్న తన మొలతాడు గుర్తులన్నీ చెప్పిండు. నా ఫోన్‌ల ఉన్నది, ఆయన గొంతుతోని. సాపు చేసిన అంచు, ఐదు ముళ్ళు. అది విమానం తోకకు ఉండాలె. విమానం కాలిపోతే బూడిదల ఉండాలె. నీ బండి అద్దానికి ఎట్లొచ్చింది?"

తిరుమల్ చెయ్యి ఒక్క ఊపున దారం మీదికి లేచింది.

"తెంపు," అన్నాడు గజేందర్. కదలలేదు. "అది దేవుంది కాదు. బతికున్న మనిషి మొలతాడు. నలుగురు పిల్లలు పోయినంక ఒక తల్లి ఐదో పిలగానికి కట్టింది. ఐదో ముడి ఆ మనిషిదే. నీ చేత్తోని తెంపు తిరుమల్. చూస్త."

చెయ్యి దారానికి అంగుళం దూరంలో ఆగిపోయింది. చెమట చెంప మీదుగా కారింది. అద్దం అవతల షఫీ ఫోన్ ఎత్తి, ఆ చేతిని, ఆ కాణీని, తిరుమల్ మొహాన్ని ఒకే ఫోటోలో పట్టుకున్నాడు. పట్టుకొని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

తిరుమల్ చెయ్యి దిగింది. మొహంలో చుట్టరికం మాయమైంది.

"నీకు ఎరుక లేదు గజేందర్. కొన్నోడు ఎసొంటోడో నీకు ఎరుక లేదు. ముసల్ది రాత్రికి రేవు దాటుతది. నువ్వు నోరు తెరిస్తే వాళ్ళు నన్నొక్కన్నే చంపరు."

"ఏ రేవు?"

తిరుమల్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. కాని ఆలస్యమైంది. విమానం ఇంకా దేశం దాటలేదని అతని నోటితోనే వచ్చేసింది. గజేందర్ ఫోన్ మోగింది. మహెక్.

"గజ్జూ భాయ్, పోలీసులతోటి క్యాంపు గేటు కాడ ఉన్న. నీ ఫోటోలు చూపిచ్చిన, రువైస్ ఠాణా బండిని నీ దిక్కు పంపిచ్చిన. నీ బామ్మర్ది మనుషులు ముందే కాగితం పట్టుకొని లోపలికి పోయిండ్రట. నలుగురు పట్టుకున్నా ఆ ముసలాయన పిడికిలి ఇప్పలేదట. మూతి పగిలింది. వేలు మాత్రం పడలేదు."

"విమానం ఇంకా ఇక్కడనే ఉన్నది మేడమ్. రాత్రికి దాటిస్తరట. రేవులన్నీ మూపియ్యమని చెప్పుండ్రి. ఈడికి బండి జల్ది రావాలె. తిరుమల్ నా పక్కనే కూసున్నడు. కాణీ గూడ."

తిరుమల్ నవ్వాడు. తొమ్మిదేళ్ళ కిందటి నవ్వే. ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నితీష్, నింపురా బాయిని."

జేసీబీ గర్జించింది. గజేందర్ చూపు తిప్పుకోలేదు. తిరుమల్ చేతిలోని ఫోన్‌ను తనే అందుకొని, ఇంకా బాగా కనిపించేలా తన మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఒక్క మాట అను బావా," తిరుమల్ గొంతు ఇప్పుడు బతిమాలుతున్నట్టుంది. "ఇప్పుడన్నా ఆగమంట. ఒక్క మాట."

"గట్టు రాళ్ళు మంచియి నితీష్," అన్నాడు గజేందర్ ఫోన్లోకి. "మా నాయన ఏరి పెట్టిండు. ముందుగాల అవి ఎయ్యి. గట్టిగ నిండుతది."

పసుపు బకెట్ గట్టును తాకింది. మొదటి రాయి నీళ్ళలో పడ్డ చప్పుడు సముద్రం దాటి ఆ ఏసీ బండిలోకి వచ్చింది. దూరంగా రన్‌వే మీద పోలీసు బండి దుమ్ము లేచింది. షఫీ గేటుకు అడ్డంగా తమ బండి పెట్టాడు. గజేందర్ రెండో రాయి పడేదాకా చూశాడు, మూడోది పడేదాకా చూశాడు, అప్పుడు ఫోన్ తిరుమల్ ఒళ్ళో పడేశాడు.

ఆ భూమి సర్వే నంబరు నూట పద్దెనిమిది. బావితో సహా ఎకరం ఇరవై రెండు గుంటలు.